క్రిస్మస్ స్టార్ పిల్లలే చేయాలా, మనం చేసి వాళ్ళ చేతికివ్వాలా?

పాత గుంటూరు | డిసెంబర్ 5, రాత్రి 9:12
అందరికీ వందనాలు. మా చర్చిలో సండే స్కూలు పిల్లలకి స్టార్ల పోటీ పెట్టారు. 21వ తేదీ ఆదివారం తీసుకెళ్ళాలి. మా పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. రూలు ఒకటే, పిల్లలు సొంతంగా చేయాలి.

నిరుడూ ఇదే రూలు. మావాడు అట్టముక్క కోసి, దానికి చాక్లెట్ల వెండి కాగితాలు అంటించి తీసుకెళ్ళాడు. ఫస్టు ప్రైజు మాత్రం నాలుగడుగుల లైట్ల స్టారుకొచ్చింది. దాన్ని మోసుకొచ్చింది వాళ్ళ నాన్న. పిల్లాడు వెనకాల వైరు పట్టుకుని నడిచాడు. మావాడు ఇంటికొచ్చి తన స్టార్‌ని మంచం కిందకి తోసేశాడు. ఈసారి "అమ్మా, నువ్వు చెయ్, నేను పట్టుకుంటా" అంటున్నాడు.

రెండు సంగతులు అడుగుతున్నా. ఈ వయసు పిల్లలు నిజంగా చేయగలిగినవి, ఒక పూటలో అయిపోయేవి ఏమున్నాయి? నేనే చేసి పెడితే తప్పా?

వెదురుబద్ద | డిసెంబర్ 5, రాత్రి 10:05
అట్టముక్క స్టార్ కాదమ్మా. స్టార్ అంటే వెదురు. చెప్తా, రాసుకో.

ముదురు బొంగు ఒకటి తెచ్చి చీల్చి, చిటికెన వేలంత వెడల్పు బద్దలు పది తీయాలి. అన్నీ ఒకే పొడుగుండాలి. బద్ద 3 అడుగులైతే స్టార్ కొననుంచి కొనకి 3 అడుగులే వస్తది, వేరే లెక్క అక్కర్లేదు. ఐదు బద్దలతో ఒక స్టారు, ఐదింటితో ఇంకోటి. బద్దని ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనిస్తూ అల్లితే బిగువుగా ఉంటది. రెండు స్టార్లనీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలూ పురికొసతో కట్టాలి. తర్వాత నడిమధ్య బద్దలు దాటుకునే ఐదు చోట్లా బెత్తెడు పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతది. ఆ ఉబ్బు లేకపోతే బల్బెక్కడ పెడతారు?

అంటించడానికి గాలిపటాల కాగితం. జిగురు ఇంట్లోనే. గ్లాసు మైదాకి నాలుగు గ్లాసుల నీళ్ళు, ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద తిప్పుతా ఉండాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్. కాగితం ఆరాక డప్పులా మోగాలి. అప్పుడది స్టారు.

ఒక పూటలో అయిపోవాలంటే షాపులో కొనుక్కో.

కుట్టుమిషన్ | డిసెంబర్ 5, రాత్రి 10:31
బాబాయ్ గారూ, ఆరేళ్ళ పిల్ల వెదురు చీలుస్తదా? ఆవిడ అడిగిందేంటి, మీరు చెప్పిందేంటి?

గుంటూరు అక్కా, మా పిల్లలు చేసింది చెప్తా. కొబ్బరి చీపురు పుల్లలు ఐదు. లావు వైపు చూసి ఒకే పొడుగు కత్తిరించండి, అది మీరు చేయొచ్చు. పిల్లలు వాటిని స్టార్‌లా పేర్చి, కొనల్లో చిన్న రబ్బరు బ్యాండ్లు వేస్తారు. తర్వాత మీ దగ్గర మిగిలిన ఊలు దారం, చీర అంచు పీలికలు, ఏదుంటే అది చుట్టుకుంటా పోవడమే. చుట్టడం ఆరేళ్ళ పిల్లకి బాగా వచ్చు. కత్తీ వద్దు, జిగురూ వద్దు. గంటన్నరలో రెండు అయినాయి మాకు. స్టార్ కాస్త వంకరగా వచ్చినా పర్లేదు.

మీరు చేసి పెడితే తప్పా అంటే, తప్పే. మీ అబ్బాయికి తెలుస్తది కదా.

డాలస్ వదిన | డిసెంబర్ 5, రాత్రి 11:48
ఇక్కడ మా పాప క్లాసులో ప్రతి డిసెంబరూ చేసేవి రెండు చెప్తాను.

ఉప్పు పిండి బొమ్మలు: 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 1 కప్పు నీళ్ళు. చపాతీ పిండిలా కలిపి, ఒత్తి, సీసా మూతతోనో గ్లాసుతోనో కోయాలి. దారానికి పైన స్ట్రాతో బెజ్జం పెట్టి, ఓవెన్లో 250 ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు ఎండబెడితే రాయిలా అవుతాయి. మీకు సుమారు 120 సెల్సియస్ అనుకోండి. పిల్లల వేలిముద్రలు ఒత్తి రంగు వేస్తే చాలా బాగుంటాయి. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అందకుండా పెట్టండి, అంత ఉప్పు తింటే దాని ప్రాణానికే ప్రమాదం.

రెండోది కాగితం మంచు రేకలు. నలుచదరం కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఆ తర్వాత మూల నుంచి మూలకి మడిచి అంచుల్లో కత్తిరించి విప్పడమే. ఎనిమిది చేతుల మంచు రేక వస్తుంది. కిటికీ అద్దానికి అంటించేయొచ్చు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) | డిసెంబర్ 6, ఉదయం 5:20
అమ్మా డాలస్ గారూ, మంచు రేకకి ఎనిమిది చేతులు ఉండవు. ఆరే ఉంటాయి. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల గళ్ళలో పేరుకుంటాయి, అందుకే. కెప్లర్ 1611లో స్నేహితుడికి కొత్త సంవత్సరం కానుకగా దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. అమెరికాలోనే, వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 నుంచి వేల రేకల్ని ఫోటోలు తీశాడు. మీరున్న దేశం వాడే.

సరైన మడత ఇది. నలుచదరాన్ని మూల నుంచి మూలకి మడిస్తే త్రిభుజం. దాని పొడుగు అంచు మధ్య బిందువు దగ్గర 180 డిగ్రీలు ఉన్నాయి. దాన్ని మూడు సమభాగాలుగా మడవాలి, ఒక్కోటి 60. తర్వాత ఇంకొక్కసారి సగానికి. ఇప్పుడు కత్తిరించండి. ఆరు వస్తాయి.

పిల్లలకి తప్పు నేర్పితే దిద్దడం కష్టం. ముప్పై ఒక్క సంవత్సరాలు దిద్దాను.

లంబసింగి చలి | డిసెంబర్ 6, ఉదయం 7:02
ఆరైనా ఎనిమిదైనా, గుంటూరు కిటికీకి మంచు రేక ఎందుకండీ? చర్చిలో చెట్టుకి దూది అంటిస్తారు, స్నో అంటారు. బయట 30 డిగ్రీల ఎండ. మా లంబసింగిలోనే గడ్డి మీద తెల్లగా పేరుకోవడం తప్ప ఆకాశంలోంచి రేకలు రాలడం నేను చూడలేదు.

డాలస్ వదిన | డిసెంబర్ 6, ఉదయం 7:40
మాస్టారూ, పన్నెండు చేతులవి కూడా ఉంటాయి. మా పాప లైబ్రరీ పుస్తకంలో ఫోటో ఉంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) | డిసెంబర్ 6, ఉదయం 7:44
రెండు రేకలు ఒకదానికొకటి అతుక్కుని పెరిగితే పన్నెండు. ఆరు రెళ్ళు పన్నెండు. ఎనిమిది రాదు.

మెదక్ రోడ్డు | డిసెంబర్ 6, ఉదయం 9:15
మా పోరికి నిరుడు స్కూల్ల మెదక్ చర్చి చేసుకరమ్మన్నరు. వట్టి చర్చి కాదు, గా గోపురం కూడ ఉండాలె. 175 అడుగుల గోపురం, నేనేడ చెయ్యాలె? బూట్ల డబ్బా తీసుకొని కిటికీలకు బొక్కలు కోసినం, లోపటి నుంచి రంగురంగుల చాక్లెట్ కాగితాలు అంటించినం. లోపల సెల్‌ఫోన్ టార్చ్ పెడితే సేమ్ గా పెద్ద కిటికీల అద్దాల తీరుగనే మెరిసింది. పోరి మస్తు ఖుష్. చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసిన్రని గూడ అట్ట మీద రాసింది, తన చేతితోనే.

మంది పిల్లలు థర్మాకోల్‌తోని తెచ్చిన్రు. డెకరేషన్ థర్మాకోల్ 2022 జులై 1 నుంచి బంద్ చేసిన్రు కదా, స్టేషనరీ షాపుల ఇంకా ఎట్ల అమ్ముతున్నరో ఎరుక లేదు.

వెదురుబద్ద | డిసెంబర్ 6, ఉదయం 11:30
చీపురు పుల్లల స్టారు. బూట్ల డబ్బా చర్చి. మూత పెట్టి కోసిన పిండి. అన్నిటికీ "ఈజీ, ఈజీ". పిల్లలకి కష్టం తెలియకూడదు, చేతికి గీత పడకూడదు. మేము ఎనిమిదేళ్ళకే బద్ద చీల్చాం. ఇదిగో, ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

జిగురులో మైలుతుత్తం మర్చిపోవద్దు. మైదా ఒక్కటే వేస్తే బొద్దింకలు రాత్రికి రాత్రే కాగితం తినేస్తాయి.

కుట్టుమిషన్ | డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:10
మైలుతుత్తం విషం బాబాయ్ గారూ. ఆరేళ్ళ పిల్ల జిగురు చెయ్యి నోట్లో పెట్టుకుంటది. దయచేసి ఎవరూ వెయ్యొద్దు. పదిహేను రోజులు కట్టే స్టార్‌కి ఉత్త మైదా చాలు.

వెదురుబద్ద | డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:25
మా అమ్మ అరవై ఏళ్ళు వేసింది. ఎవరికీ ఏమీ కాలా.

వార్డు నంబరు 3 | డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:03
పిల్లల వార్డులో నర్సుని. మైలుతుత్తం వద్దు, మింగితే వాంతులు, కడుపులో పుండ్లు. ఇంకొకటి కూడా చెప్పి పోతాను. స్టార్‌లో పెట్టడానికి కొంటున్న చిన్న లైట్లలో బొత్తాం బ్యాటరీలుంటాయి. స్క్రూ లేని మూతైతే కొనకండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం కాలుతుంది. డ్యూటీకి వెళ్తున్నా.

నరసాపురం అల్లిక | డిసెంబర్ 6, మధ్యాహ్నం 2:50
"ఈజీ" అనే మాట దగ్గర నాకూ ఒక ముల్లు ఉంది.

మా వైపు క్రోషియా పని మిషనరీలు వచ్చిన కాలం నుంచీ ఉంది. మా అమ్మమ్మ, అమ్మ, నేను, ముగ్గురమూ అల్లిన వాళ్ళమే. డిసెంబరు సరుకంటే మాకు ఎండాకాలంలోనే ఆర్డరు. తెల్లదారంతో మంచు రేకలు, స్టార్లు, గంటలు. ఎప్పుడూ స్నో చూడని వాళ్ళం వేలకి వేలు స్నో అల్లాం. (మాస్టారూ, ఆరు చేతులే. డిజైన్ కాగితం అలాగే వచ్చేది.) ఒక్కో రేకకి ముప్పావు గంట. ముక్కకి ఇంత అని ఏజెంటు ఇచ్చేది, దాంట్లో మైల పడిందని తీసేసేవి కొన్ని. మైల పడకుండా మా అమ్మ ఒళ్ళో తెల్లగుడ్డ పరచుకుని అల్లేది.

ఒకసారి మా వదిన ఫోన్లో చూపించింది, అవే రేకలు "పిల్లలతో తేలిగ్గా చేయించండి" అని. కాగితంతో చేస్తారట, పది నిమిషాల్లో. తప్పేం లేదు. నాకు మాత్రం నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది.

గుంటూరు గారూ, మీ అబ్బాయికి తొమ్మిదేళ్ళంటున్నారు. గొలుసు కుట్టు ఒక్కటి నేర్పండి, అరగంటలో వస్తుంది. మూరెడు గొలుసు అల్లితే దాన్ని అట్ట స్టార్ చుట్టూ అంటించుకోవచ్చు. మగపిల్లాడికి క్రోషియా ఏంటని ఎవరైనా అంటే నాకు చెప్పండి.

కాకినాడ గాలి | డిసెంబర్ 6, సాయంత్రం 4:15
డాలస్ వదిన గారి ఉప్పు పిండి మా ఊళ్ళో చేశాం. రాయిలా అయింది నిజమే. సముద్రపు గాలికి నాలుగో రోజుకి చెమట పట్టి, వారానికి మెత్తబడి, గొర్రెపిల్ల కాలు ఊడింది. చేస్తే వార్నిష్ వేయండి.

ఊరికే చూస్తున్నా | డిసెంబర్ 6, సాయంత్రం 6:00
మా ఇంట్లో క్రిస్మస్ లేదు గానీ వెదురుబద్ద గారి పద్ధతి దాచుకున్నాను. అదే బద్ద, అదే కాగితం, అదే జిగురు. సంక్రాంతికి గాలిపటం. మైలుతుత్తం తీసేసి.

వెదురుబద్ద | డిసెంబర్ 6, రాత్రి 8:40
అందరూ నా మైలుతుత్తం మీద పడ్డారు. సరే, వెయ్యకండి.

అసలు సంగతి వేరు. ఈ కాలం తల్లులకి ఓపిక లేదు. ఫోన్ చూసే టైముంటది, పిల్లాడి పక్కన కూర్చుని రెండు రోజులు ఒక పని చేసే టైముండదు. అందుకే చీపురు పుల్లలు.

కుట్టుమిషన్ | డిసెంబర్ 6, రాత్రి 9:22
ఆ మాటకి నాకు చెయ్యి వణుకుతోంది, అక్షరాలు తప్పితే ఏమనుకోకండి.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. డిసెంబరులో పండగ బట్టలు, రోజుకి ఎనిమిది, తొమ్మిది. రాత్రి పదింటికి స్కూలు గ్రూపులో మెసేజ్ వస్తది, "రేపు పిల్లలంతా శాంటా టోపీ, ఒక క్రాఫ్ట్ తేవాలి". మా ఆయన అప్పటికి నిద్రపోతాడు. స్టేషనరీ షాపు షట్టరు సగం దించేసి ఉంటది, కింద నుంచి వంగి గ్లిట్టర్ షీటు అడుగుతా. పన్నెండు దాకా నేనే కోస్తా, నేనే అంటిస్తా. పొద్దున్నే పిల్ల దాన్ని పట్టుకుని ఫోటో దిగుతది. వాళ్ళ నాన్న స్టేటస్ పెట్టుకుంటాడు, "మా పాప చేసింది" అని. మూడేళ్ళు ఇట్లాగే గడిచింది. అప్పుడు చీపురు పుల్లలు కనిపెట్టా. అది నా బద్ధకం కాదు బాబాయ్ గారూ. అది మా పిల్ల నిజంగా చేసిన మొదటి వస్తువు.

ఇంకోటి అడుగుతా. మీరు బద్దలు చీల్చారు, సరే. మైదా ఎవరు ఉడికించారు? మీరే రాశారు, మీ అమ్మ వేసిందని. కాగితం ముక్కలూ వెదురు పీచులూ ఎవరు ఊడ్చారు? మీకు అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకి బద్ద ఇచ్చారా?

నేనూ పేటలోనే పుట్టా. మా నాన్న, మా అన్న అరుగుమీద స్టార్ కట్టేవాళ్ళు. నన్ను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు, "తొక్కుతావే" అని. నా పని జిగురు. పదేళ్ళు జిగురు కలిపా. ఒక్క స్టార్ కట్టలేదు.

నిశ్శబ్ద పాఠకుడు | డిసెంబర్ 6, రాత్రి 9:30
అమ్మో.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) | డిసెంబర్ 6, రాత్రి 9:41
అందరూ ఆవేశపడుతున్నారు కాబట్టి ఒక సంగతి. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ క్రైస్తవుల బడి ఉండేది. 1830లలో అక్కడ పిల్లలకి జ్యామితి పాఠంగా కాగితంతో స్టార్ చేయించారు. 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు కలిసిన ఘనరూపం, మొత్తం 26 ముఖాలు. ఒక ముఖం వేలాడదీయడానికి వదిలి, మిగతా 25కి మొనలు అంటిస్తారు. తర్వాత అదే హెర్న్‌హూట్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో తయారై అమ్మకానికి వచ్చింది. అంటే స్టార్ మొదట పిల్లల లెక్కల హోంవర్కు, తర్వాతే సరుకు. పెద్దవాళ్ళు చేసి ఇస్తే అది నా దృష్టిలో కాపీ కొట్టడమే.

అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారు చూపిన పద్ధతిలో అలాంటి ఘనరూపాలు తొమ్మిదేళ్ళ పిల్లలు కట్టేస్తారు. నేను చేయించాను.

మోడరేటర్ | డిసెంబర్ 6, రాత్రి 9:55
వ్యక్తిగత మాటలు తగ్గించండి. మైలుతుత్తం గురించి ఎవరైనా ఇంకొక్క మాట రాస్తే తీసేస్తాను.

వెదురుబద్ద | డిసెంబర్ 7, సాయంత్రం 5:15
ఆరాధన అయింది, భోంచేశాను, రాత్రి రాసినవి మళ్ళీ చదివాను. ఫోన్ చూసే తల్లులు అన్నందుకు మన్నించమ్మా. అది నోరు జారింది.

అయితే స్టార్ వంకరగా ఉన్నా పర్లేదన్నారే, ఆ మాట నేను ఒప్పుకోలేను. ఎందుకో చెప్తా. మా పేట ఊరికి తూర్పున, చెరువు కట్ట అవతల. ఊళ్ళో దేవుడి పెళ్ళికి లైట్లు, తిరనాళ్ళకి ప్రభలు. మా దగ్గర ఏమీ లేదు. డిసెంబరులో మాత్రం సరుగుడు కర్ర మీద మా నాన్న కట్టిన స్టారు. మాకు కరెంటు రాకముందు లోపల చిన్న లాంతరు పెట్టేవాడంట, నాకు గుర్తున్నది 40 వాట్ల బల్బు. ఆ వేడికి రెండుసార్లు కాగితం అంటుకుంది కూడా. బస్సు దిగినవాళ్ళు కట్ట మీద ఆగి అటు చూసేవాళ్ళు. మా ఇళ్ళ వైపు ఎప్పుడూ చూడనివాళ్ళు. ఒక్కటే స్టారు, పేట మొత్తానికి. అది వంకరగా ఉంటే ఎట్లా? మా నాన్న ఒక బద్ద అర అంగుళం తేడా వస్తే విప్పి మళ్ళీ కట్టేవాడు.

అందుకే పిల్లల చేతికి ఇవ్వలేదు. నాకు ఎనిమిదేళ్ళకి ఇచ్చాడంటే మిగతావాళ్ళకంటే నా చెయ్యి కుదురని. మా చెల్లెలికి ఇవ్వలేదు. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నా.

కుట్టుమిషన్ | డిసెంబర్ 7, సాయంత్రం 6:02
మీ నాన్నగారి స్టార్ గురించి నాకు తెలుసు బాబాయ్ గారూ. మా పేటలోనూ అలాగే చూసేవాళ్ళు. ఊరంతా చూడాల్సిన స్టార్ పెద్దవాళ్ళే కట్టండి, ఎవరొద్దన్నారు? ఇది తొమ్మిదేళ్ళ పిల్లాడి స్టార్. వాడి దాని మీద పేట పరువు పెట్టొద్దు.

మీ అబ్బాయికి బద్ద చీల్చడం నేర్పారా?

వెదురుబద్ద | డిసెంబర్ 7, రాత్రి 8:30
లేదు. వాడు చీలిస్తే ఒక పక్క పలచబడేది. లాక్కుని నేనే చేసేవాణ్ణి. వాడు టార్చి పట్టుకునేవాడు. ఇప్పుడు హైదరాబాద్ అపార్టుమెంటులో ప్లాస్టిక్ స్టార్ కడతాడు, మడిచి డబ్బాలో పెట్టేది.

మెదక్ రోడ్డు | డిసెంబర్ 7, రాత్రి 8:44
టార్చి పట్టుకునుడు గూడ పనే గద సార్.

కుట్టుమిషన్ | డిసెంబర్ 7, రాత్రి 8:50
కాదు.

పాత గుంటూరు | డిసెంబర్ 14, రాత్రి 9:05
ఇవాళ పాస్టరమ్మ గారితో మాట్లాడాను. పిల్లల్ని చర్చికే పిలిచి, అక్కడే రెండు గంటలు కూర్చోబెట్టి చేయించండి, సామాను మేం తలా కాస్త తెస్తాం అన్నాను. "ఆలోచిద్దాం అమ్మా, కమిటీవాళ్ళు లైట్ల స్టార్లు ఇష్టపడతారు" అన్నారు. కమిటీలో ఎవరున్నారంటే, నిరుడు స్టార్ మోసుకొచ్చినాయన.

వెదురుబద్ద గారూ, ఒక మాట అడగాలి. మావాడు మీ పోస్టు చదివి వెదురే కావాలంటున్నాడు. చీల్చిన బద్దలు నేను తెచ్చిస్తే కట్టడం వాడు చేయగలడా?

వెదురుబద్ద | డిసెంబర్ 14, రాత్రి 9:20
చేస్తాడు. 3 అడుగులు వద్దు, అడుగున్నర చాలు. బద్దల అంచులు గీకి ఇవ్వు, లేకపోతే పీచు గుచ్చుకుంటది. బద్దల్ని ఒక పూట నీళ్ళలో నానేస్తే వంగుతాయి. ముడి రాకపోతే రబ్బరు బ్యాండు వెయ్యనీ, ఆ అమ్మాయి చెప్పినట్టు. పొట్ట పుల్లలు బెత్తెడు కాదు, రెండున్నర అంగుళాలు.

నువ్వు ముట్టుకోకు. వంకరైనా ముట్టుకోకు. అది కష్టం, ముందే చెప్తున్నా.

పాత గుంటూరు | డిసెంబర్ 21, రాత్రి 10:10
పోటీ అయింది. చర్చిలో కూర్చోబెట్టి చేయించలేదు, ఇళ్ళనుంచే తెచ్చుకున్నాం. ఫస్టు ప్రైజు మళ్ళీ లైట్ల స్టారుకే. రంగులు మారేది, రిమోట్ కూడా ఉంది. ఈసారి వేరే ఇంటివాళ్ళది.

మావాడి స్టార్‌కి ఒక కొన పొడుగు, పొట్ట ఒకవైపే ఉబ్బింది. నాలుగు రోజులు పట్టింది. రెండోరోజు విసిరికొట్టాడు, మూడోరోజు మళ్ళీ తీశాడు. నేను ముట్టుకోలేదు, వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను రెండుసార్లు. ప్రైజు రాలేదని మొహం మాడ్చుకున్నాడు, దార్లో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం గేటుకి కట్టమన్నాడు. ఇప్పుడు బల్బు పెట్టమని నస.

చిన్నది చీపురు పుల్లలకి ఎర్రదారం చుట్టింది, అది బాగా వచ్చింది కుట్టుమిషన్ గారూ. అది కాక మాస్టారు గారి మడతతో మంచు రేక కూడా కత్తిరించింది. విప్పేటప్పుడు ఒక చెయ్యి చిరిగిపోయి ఐదే మిగిలాయి. అది స్టారేనంటోంది, దాన్నీ గేటుకి అంటించింది.

వెదురుబద్ద | డిసెంబర్ 21, రాత్రి 10:16
ఎన్ని వాట్లు పెడుతున్నారు? గుండ్రటి పాత బల్బు వద్దు, కాగితం అంటుకుంటది. 3 వాట్ల ఎల్‌ఈడీ, కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి. హోల్డరు వైరుకి టేపు చుట్టు. ఆ పొడుగు కొన పైకి పెట్టి కట్టమను.

కుట్టుమిషన్ | డిసెంబర్ 21, రాత్రి 10:20
ఫోటో పెట్టండక్కా. రెండూ.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) | డిసెంబర్ 22, ఉదయం 5:15
ఐదు చేతులు మిగిలినంత మాత్రాన స్టార్ కాదు. స్టార్‌కి చేతుల మధ్య 72 డిగ్రీలు ఉండాలి, పాప దాంట్లో 60 ఉంటాయి, ఒకచోట 120 ఖాళీ. ఇంకో కాగితం ఇచ్చి మళ్ళీ మడవమనండి.